డీలర్ దగ్గర్లో లేకపోతే మోటో గూట్సీ కొనకూడదా?

అమెరికాలో బైకులు నడిపే మనవాళ్ల మధ్య ఒక సలహా బాగా తిరుగుతోంది. "వంద మైళ్ల లోపు డీలర్ లేకపోతే ఇటాలియన్ బండి జోలికి పోవద్దు. సగం రోజులు షెడ్డులోనే ఉంటుంది. సొంతంగా చెయ్యి పెడితే వారంటీ పోతుంది. పార్టులు దొరకవు. అమ్మబోతే కొనేవాడుండడు." నేను నడిపేది మోటో గూట్సీ వీ7 అనే ఇటాలియన్ బైకు, దగ్గరి డీలర్ ఉన్నది పక్క రాష్ట్రంలో. కాబట్టి ఇది నాకు చెప్పిన మాటే అనుకుని జవాబిస్తున్నాను.

ముందు ఆ "ఇటాలియన్ బండి" అనే మాట దగ్గరే పేచీ ఉంది. చాలామంది మనసులో ఉన్నది డుకాటీ అనే మరో ఇటాలియన్ కంపెనీ. అందులో డెస్మో పద్ధతి ఉన్న ఇంజన్లలో వాల్వును (గాలి వచ్చే, పొగ పోయే దారికి ఉండే మూతను) తెరవడానికే కాదు, మూయడానికీ విడిగా రాకర్ అనే చిన్న చేయి ఉంటుంది. దాన్ని సరిచేయడం నిజంగానే తెలిసినవాళ్ల పని. గూట్సీ దారి వేరు. 1921 నుంచి ఇటలీలో కోమో సరస్సు ఒడ్డున మాండెల్లో దెల్ లారియోలో నడుస్తున్న కంపెనీ అది. వీ7లో రెండు సిలిండర్లూ ట్యాంకు కింద చెరో పక్కకి పొడుచుకుని ఉంటాయి. గాలితోనే చల్లబడతాయి, రేడియేటర్ లేదు. హెడ్ కవర్ విప్పితే వాల్వు గ్యాప్ సరిచేసే టాపెట్ స్క్రూ, దాన్ని బిగించి పట్టే లాక్ నట్ ఎదురుగా కనిపిస్తాయి. ఫీలర్ గేజ్ (సన్న రేకుల కొలబద్ద) పెట్టి గ్యాప్ చూసుకోవడమే. పాత బుల్లెట్‌కి టాపెట్లు సెట్ చేసిన మన మెకానిక్ ఎవరికైనా ఇది కొత్త పని కాదు. చైన్ లేదు, వెనక చక్రాన్ని ఇనుప కడ్డీ తిప్పే షాఫ్ట్ డ్రైవ్ కాబట్టి చైన్ బిగించడం, గ్రీజు పెట్టడం అనే గొడవే లేదు. ఇంజన్ ఆయిల్‌తో పాటు గేర్‌బాక్స్‌కీ వెనక డ్రైవ్‌కీ విడిగా ఆయిల్ మార్చాలి, అంతే తేడా. సర్వీసు సుమారు 6,000 మైళ్లకోసారి.

అన్నీ ఇంట్లోనే అయిపోతాయని చెప్పను. క్లచ్ ప్లేటు మార్చాలంటే ఇంజన్నీ గేర్‌బాక్స్‌నీ వేరు చేయాలి. ఆ రోజు డీలర్ దగ్గరికి తీసుకెళ్లడానికి బండిని ట్రెయిలర్ ఎక్కించాల్సిందే.

వారంటీ మాట పూర్తిగా తప్పు. 1975 నాటి మాగ్నుసన్-మాస్ అనే అమెరికా వారంటీ చట్టం ప్రకారం, ఉచితంగా చేసి ఇస్తే తప్ప, "మా డీలర్ దగ్గరే సర్వీసు చేయించాలి" అని వారంటీకి షరతు పెట్టడం కుదరదు. ఆయిల్, ఫిల్టర్ కొన్న రసీదులు దాచుకోండి, ఏ మైలు దగ్గర ఏం చేశారో రాసిపెట్టుకోండి. రేపు క్లెయిమ్ దగ్గర వాదన వస్తే అడిగేది అవే.

ఇక పార్టులు. టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ప్లగ్గులు, బ్యాటరీ ఎక్కడైనా దొరికేవే. గూట్సీకే ప్రత్యేకమైన సామాను పోస్టులో పంపే పాత షాపులు మిస్సోరీ, విస్కాన్సిన్ లాంటి చోట్ల ఉన్నాయి. పాత 750 సీసీ మోడళ్లకైతే గూట్సీడయాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ల్యాప్‌టాప్‌కి కేబుల్ తగిలించి ఎర్రర్ కోడ్లు మనమే చదువుకోవచ్చు. అయితే డాష్‌బోర్డో ఫెండరో పగిలి, అది ఇటలీ నుంచే రావాల్సి వస్తే మాత్రం ఓపిక పట్టాలి. ఇదొక్కటే బండి కాకపోతే ఆ టెన్షన్ సగం తగ్గుతుంది.

"సగం రోజులు షెడ్డులోనే" అన్నదానిలో కొంత నిజముంది, కానీ అది మోడల్‌ని బట్టి. గూట్సీ మోడళ్లయిన గ్రీసో, స్టెల్వియోలలో వచ్చిన 1200 సీసీ ఎనిమిది వాల్వుల ఇంజన్‌లో ఫ్లాట్ టాపెట్లు (వాల్వును తోసే చదునైన ముక్కలు) అరిగిపోయేవి. తర్వాత కంపెనీయే రోలర్ టాపెట్ కిట్లు తెచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటిది చూస్తుంటే కిట్ వేసిన కాగితం చూపించమనండి. లేకపోతే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి.

రీసేల్ నెమ్మదే, ఒప్పుకుంటాను. అదే కారణానికి సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడికి లాభం.

ఇదే సలహా ఇండియాలో ఉన్నవాళ్లకైతే ఇంత తేలిగ్గా కొట్టిపారేయను. అక్కడ కూడా అసలు ప్రశ్న డీలర్ ఎంత దూరమని కాదు, బండి తెచ్చి అమ్మేదెవరని. ఇటలీ పేరు, చైనా యాజమాన్యం ఉన్న బెనెల్లీని చూడండి. దాన్ని అక్కడ అమ్మిన పుణె డీఎస్‌కే గ్రూపు చిక్కుల్లో పడ్డాక, షోరూం పక్క వీధిలో ఉన్నవాళ్లకీ సర్వీసు కష్టమైంది. 2018లో హైదరాబాద్ మహావీర్ గ్రూపు చేపట్టాకే మళ్లీ దారిలో పడింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇలాంటి బండి కొనేవాళ్లు షోరూం అద్దాలు చూసి ధైర్యం తెచ్చుకోకుండా, పార్టుల గోడౌన్ ఎవరిది, ఎక్కడుంది అని అడగాలి.