ముందు పొలం కాడి ట్రాన్స్‌ఫార్మర్‌కు పెట్టండి

మీటర్‌లో కరెంటు వాడకం చూసి ఇంట్లో ఫ్రిజ్ నడుస్తోందో, గీజర్ వేశారో కంప్యూటర్ చెప్పేస్తుందని అందరూ షేర్ చేస్తున్నారు. అమెరికాలో ఎంఐటీ యూనివర్సిటీలో జార్జ్ హార్ట్ అనే పరిశోధకుడు 1980లలోనే ఈ పద్ధతి మీద పనిచేశాడు. గీజర్ వేస్తే వాడకం ఒక్కసారిగా 2,000 వాట్లు ఎగబాకుతుంది, ఫ్రిజ్‌కైతే నూరో నూటయాభయ్యో. ఆ మెట్టును బట్టి వస్తువును పోల్చుకోవడమే. ఇప్పుడా పోల్చుకునే పని మెషిన్ లెర్నింగ్‌కు, అంటే ఉదాహరణలు చూసి తనే నేర్చుకునే కంప్యూటర్‌కు అప్పగించారు.

మా ఇంట్లో గీజర్ ఎప్పుడు వేస్తే ఎవరికెందుకు? ఈ తెలివి మా పరకాల వైపు పొలాలకు కావాలి.

పోయిన యాసంగిలో వరి పొట్టకొచ్చిన టైంలో మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. 25 కేవీఏది. 5 హెచ్‌పీ మోటర్లు నాలుగైతే మోస్తుంది, మేం ఏడు పెట్టినం. తలా ఇంత వేసుకుని, ట్రాక్టర్‌లో తీసుకెళ్లి, బాగు చేయించి తెచ్చి బిగించేసరికి ఆరు రోజులు పట్టింది. మళ్లు నెర్రెలు బాశాయి.

మోటరు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. కరెంటు పోయి రాగానే మోటర్లను వాటంతటవే ఆన్ చేసే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారే ఎత్తుకుంటే ఆ బరువంతా ట్రాన్స్‌ఫార్మర్ మీదే. మోటరుకు కెపాసిటర్ అనే చిన్న డబ్బా బిగిస్తే, నడిచేటప్పుడు లైన్లో గుంజుడు కొంత తగ్గుతుంది. కానీ ఎంతమంది బిగించారు?

మా బాపు బాయికాడి కొట్టంలో బల్బు గుడ్డిగైతే చాలు, "ఎవలో మోటరేసిండ్రు" అనేవాడు. మోటరు తిరగకుండా గుర్రుమంటే కరెంటొచ్చే మూడు ఫేజుల్లో (తీగల్లో) ఒకటి పోయిందని ఉరికి స్టార్టర్ ఆపేవాడు. మెషిన్‌కు నేర్పాల్సిందీ ఇదే. అన్నీ 5 హెచ్‌పీవే కాబట్టి ఏది ఎవరిదో తేల్చడం కష్టం, ఆ అవసరమూ లేదు. ఎన్ని నడుస్తున్నాయి, ఏ ఫేజు మీద బరువు పడింది, అది లైన్‌మన్ ఫోన్‌కు ముందే తెలిస్తే చాలు. పావుగంటకోసారి తీసే రీడింగుతో ఇది కుదరదు. స్టార్టింగ్ గుంజుడు సెకన్లలో అయిపోతుంది.

ఒక్క షరతు. తెలంగాణలో 2018 జనవరి 1న పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు మొదలైంది, మోటరుకు మీటరంటేనే రైతుకు టెన్షన్. అందుకే ఈ కొలిచే పరికరం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే పెట్టాలి. ఆ లెక్కలు బిల్లు దాకా పోవద్దు, ఆ మాట కాగితం మీద రాసివ్వాలి.

వరంగల్ ఎన్ఐటీలో ఎలక్ట్రికల్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే మా ఊరికి రండి. యాసంగి నాట్లు పడకముందే రండి. స్టార్టర్ డబ్బాలన్నీ నేనే దగ్గరుండి తెరిచి చూపిస్తా.