సవరణ: బృహద్ధమని–పేగు ఫిస్టులాకు స్టెంట్ ఒక్కటే చాలదు

గుండె నుంచి బయలుదేరే ప్రధాన ధమని అయిన బృహద్ధమనికీ పేగుకూ మధ్య ఏర్పడే ఫిస్టులా (అసహజమైన దారి) గురించిన గత పోస్టులో, గజ్జల్లోని ధమని గుండా స్టెంట్ గ్రాఫ్ట్ (ధమని లోపల అమర్చే, గుడ్డ పొర ఉన్న లోహపు గొట్టం) అమరిస్తే చికిత్స పూర్తయినట్టేనని రాశాను. అది నా పొరపాటు. రక్తనాళ శస్త్రచికిత్స మార్గదర్శకాల ప్రకారం, స్టెంట్ ముఖ్యంగా రక్తస్రావాన్ని ఆపి వ్యవధినిచ్చే తాత్కాలిక ఉపాయమే, ఎందుకంటే పేగులోని రంధ్రమూ ఇన్ఫెక్షనూ అలాగే ఉండిపోతాయి. రోగి తట్టుకోగలిగితే, గతంలో బృహద్ధమనికి అమర్చిన కృత్రిమ నాళం, అంటే ఇన్ఫెక్షన్ సోకిన పాత గ్రాఫ్ట్‌ను తొలగించి, సాధారణంగా డుయోడినం (చిన్నపేగు తొలి భాగం) మూడో, నాలుగో భాగాల్లో ఉండే రంధ్రాన్ని కుట్టి, తొడ నుంచి తీసిన లోతైన సిరతో గానీ, చంక ధమని నుంచి తొడ ధమనులకు చర్మం కింద వేసే బైపాస్‌తో గానీ కాళ్లకు రక్తప్రసారాన్ని పునరుద్ధరిస్తారు. పేగు కుట్లకూ ధమనికీ నడుమ ఓమెంటం అనే కొవ్వు పొరను పరచడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, అది ఫిస్టులా తిరగబెట్టే ముప్పును తగ్గించడానికే.