కోసైన్ చేస్తే కారులో సగం మనదేనా? ఆ వాయిస్ మెసేజ్‌కి నా జవాబు

గత రెండు వారాల్లో ఒకే వాయిస్ మెసేజ్ నాకు నాలుగు వాట్సాప్ గ్రూపుల నుంచి వచ్చింది. అన్నీ డాలస్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళ గ్రూపులే. కోసైన్ అంటే వేరొకరి లోన్‌కి వాళ్ళతో పాటు మనమూ సంతకం పెట్టడం. ఎవరో ఒకతను చాలా నమ్మకంగా చెబుతున్నాడు: “ఫ్రెండ్ కారు లోన్‌కి కోసైన్ చేయడానికి భయపడకండి. అది సాక్షి సంతకం లాంటిదే, బ్యాంకు ముందు అతన్నే అడగాలి. సంతకం పెట్టారు కాబట్టి కారులో సగం మీదే. అతను కట్టకపోతే స్పేర్ తాళంతో వెళ్ళి తెచ్చేసుకోవచ్చు. మూడు నెలలు కట్టకపోయినా కోర్టు ఆర్డర్ లేకుండా బండి ముట్టుకోలేరు. మరీ కష్టమైతే కారు వెనక్కి ఇచ్చేస్తే లోన్ క్లోజ్. ఇండియా వెళ్ళిపోతే అసలు గొడవే లేదు.”

ఇందులో చాలా మాటలు తప్పు. ఒకటి రెండు సగం నిజం, ఎక్కువగా ముంచేది అవే. నేను లాయర్ని కాను. ఏడేళ్ళ క్రితం ఇలాంటి మాటలే నమ్మి సంతకం పెట్టి, నేను ఎక్కని కారుకి 6,800 డాలర్లు కట్టాను. ఆ తర్వాత లోన్ కాగితాలూ టెక్సస్ చట్టమూ ముందేసుకుని కూర్చుని చదివాను. ఇక్కడ చెప్పేది అమెరికా సంగతి, అందులోనూ ముఖ్యంగా టెక్సస్ సంగతి.

మొదట ఆ “సాక్షి సంతకం” మాట. మా రూమ్మేట్‌కి అప్పుడే ఉద్యోగం వచ్చింది. క్రెడిట్ హిస్టరీ లేదు, ఒక్కడి పేరు మీద అయితే వడ్డీ భరించలేనంత చెప్పారు. వాళ్ళ నాన్నగారు ఖమ్మం నుంచి ఫోన్ చేసి, “నువ్వు అక్కడ పెద్దవాడివి, మావాడికి కాస్త అండగా ఉండు నాయనా” అన్నారు. ఆ మాట విన్నాక కాదనడం నా వల్ల కాలేదు. డీలర్‌షిప్‌లో ఫైనాన్స్ గదిలో ఒక గంట కూర్చోబెట్టి కాగితం మీద కాగితం తిప్పుతూ సంతకాలు చేయించారు. వాటిలో ఒక కాగితం విడిగా ఉంటుంది, ఒక పేజీ కూడా నిండదు. పేరు ‘నోటీస్ టు కోసైనర్’. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం 1985 నుంచి ఈ కాగితం ఇవ్వడం తప్పనిసరి. అందులో రాసింది తెలుగులో చెబితే ఇదీ: ఈ అప్పుకి మిమ్మల్ని హామీ అడుగుతున్నారు. బాగా ఆలోచించుకోండి. తీసుకున్నవాళ్ళు కట్టకపోతే మీరు కట్టాలి. మొత్తం అప్పు మీ మీద పడొచ్చు, ఆలస్య రుసుములూ వసూలు ఖర్చులూ కలిసి ఇంకా పెరగొచ్చు. తీసుకున్నవాళ్ళని ముందు అడగకుండానే మిమ్మల్ని అడగొచ్చు.

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. ముందు అతన్ని అడిగి, అతను కాదన్నాక మన దగ్గరికి రావాలన్న రూలు అక్కడ లేదు. లోన్ ఇచ్చినవాళ్ళకి ఇద్దరం ఒకటే. ఎవరి దగ్గర సులువుగా వస్తుందనుకుంటే వాళ్ళనే పట్టుకుంటారు. ఇది అమెరికా వింత కూడా కాదు. మన ఊళ్ళో బ్యాంకు లోన్‌కి ష్యూరిటీ సంతకం పెట్టినా అంతే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, కాగితంలో వేరే ఒప్పందం లేకపోతే, అసలు అప్పుదారుకి ఎంత బాధ్యతో హామీదారుకీ అంతే. సాక్షి సంతకం పెట్టినవాడు డబ్బు కట్టక్కర్లేదు. కోసైనర్ కట్టాలి.

ఇక “కారులో సగం మీదే” అన్నది. మెసేజ్ మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టిన మాట ఇది. ఎందుకంటే ఇది నమ్మినవాళ్ళు ఏదో ఒకటి చేసేస్తారు.

కారు కొన్నప్పుడు రెండు వేర్వేరు కాగితాలు పుడతాయి. ఒకటి లోన్ ఒప్పందం, అందులో సంతకం పెట్టినవాళ్ళు అప్పు తీర్చాలి. రెండోది టైటిల్, రాష్ట్రం ఇచ్చే కాగితం. కారు ఎవరిదో చెప్పేది అదే. మన దగ్గర ఆర్‌సీలో హైపోథికేషన్ రాసినట్టే, ఇక్కడ టైటిల్ మీద ఓనర్ పేరూ, లోన్ తీరేదాకా లీన్‌హోల్డర్, అంటే లోన్ ఇచ్చినవాళ్ళ పేరూ ఉంటాయి. మొదటి కాగితంలో మీ పేరు ఉన్నంత మాత్రాన రెండో దాంట్లోకి దానంతట అదే ఎక్కదు. నేను కోసైన్ చేసిన కారు టైటిల్‌లో నా పేరు లేదు. ఉండాలని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఈ రెండు కాగితాల తేడా ఎంతటిదో ఒక్క రూలు చూస్తే తెలిసిపోతుంది. కారుని జప్తు చేసి అమ్మాక అప్పంతా తీరి ఇంకా డబ్బు మిగిలితే, ఆ మిగిలింది కారు ఓనర్‌కి ఇస్తారు. తక్కువ పడితే ఆ లోటు కోసైనర్‌ని కూడా అడుగుతారు. మిగిలితే ఓనరుది, తగ్గితే మనది. సగం మనదైతే ఇలా ఉండదు కదా. ఇన్సూరెన్స్ కూడా అంతే. యాక్సిడెంట్‌లో కారు పూర్తిగా పోతే డబ్బు ముందు లీన్‌హోల్డర్‌కి, తర్వాత ఓనర్‌కి వెళ్తుంది. కోసైనర్ పేరు ఆ వరుసలో ఉండదు.

అందుకే స్పేర్ తాళం సలహా దయచేసి ఎవరూ పాటించకండి. టైటిల్‌లో పేరు లేకుండా, ఓనర్ ఒప్పుకోకుండా కారు నడుపుకుంటూ వెళ్ళిపోతే టెక్సస్‌లో దానికి విడిగా ఒక నేరమే ఉంది, అనుమతి లేకుండా వాహనం వాడటం అని. చిన్న జరిమానాతో పోయేది కాదు, ఫెలనీ, అంటే తీవ్రమైన నేరం. వీసా మీద ఉన్నవాళ్ళకి అరెస్టు రికార్డు పడితే ఎంత టెన్షనో నేను వేరే చెప్పక్కర్లేదు. నెల నెలా వాయిదా మీరే కట్టినా, ఆ కట్టడం వల్ల కారు మీదైపోదు.

“కోర్టు ఆర్డర్ లేకుండా ముట్టుకోలేరు” అన్నది మనవాళ్ళు ఎందుకు నమ్ముతారో నాకు అర్థమవుతుంది. ఇండియాలో రికవరీ ఏజెంట్లు బండ్లు లాక్కోవడం మీద కోర్టులు కోప్పడిన వార్తలు చదువుతూ పెరిగాం. 2007లో ఒక బ్యాంకు కేసులో సుప్రీంకోర్టే గూండాలను పెట్టి వసూలు చేయడం తప్పని గట్టిగా చెప్పింది. ఇక్కడ లెక్క వేరు. రాష్ట్రాలు దాదాపు ఒకేలా పాటించే వ్యాపార చట్టం యూనిఫాం కమర్షియల్ కోడ్ తొమ్మిదో ఆర్టికల్ ప్రకారం, బాకీ పడ్డాక శాంతిభంగం కలగకుండా తీసుకెళ్ళగలిగితే కోర్టుకి వెళ్ళకుండానే కారు తీసుకెళ్ళొచ్చు. టెక్సస్‌లో ముందుగా నోటీసు ఇవ్వాలని కూడా చట్టంలో లేదు. మూడు నెలల గడువు అంతకన్నా లేదు. ఒక్క వాయిదా తప్పినా ఒప్పందం ప్రకారం డిఫాల్టే. కొందరు నెలా రెండు నెలలు ఆగుతారంటే అది వాళ్ళ పద్ధతి, మన హక్కు కాదు. కొన్ని రాష్ట్రాల్లో రూలు వేరు. విస్కాన్సిన్‌లోనైతే ముందు నోటీసిచ్చి, కావాలంటే కోర్టు విచారణ అడిగే అవకాశం ఇవ్వాలి. డాలస్‌లో ఉంటూ ఆ రూలు మీద ధైర్యం పెట్టుకోలేం.

మా రూమ్మేట్ ఉద్యోగం పోయింది. హెచ్1బీ మీద ఉన్నాడు, చేతిలో అరవై రోజుల గడువు. ఇంకోటి దొరక్క ఇండియా వెళ్ళిపోతూ కారుని “వాయిదాలు నేను కట్టుకుంటాలే” అన్న ఒక ఫ్రెండ్‌కి ఇచ్చాడు. ఆ కుర్రాడు రెండు నెలలు కట్టి మానేశాడు. ఒకరోజు పొద్దున్నే నాకు ఫోన్, “అన్నా, కారు ఎవరో ఎత్తుకుపోయారు” అని. ఇర్వింగ్‌లో అతని అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. రాత్రంతా సన్నగా వాన పడింది, పార్కింగ్ అంతా తడి. కారు నిలబడ్డ చోట మాత్రం నేల పొడిగా, కారు కొలతకి సరిగ్గా ఒక దీర్ఘచతురస్రం. దాని పక్కన వెడల్పాటి టైర్ల గుర్తులు. పోలీసులకి ఫోన్ చేస్తే నంబర్ ప్లేట్ అడిగి, ఒక్క నిమిషంలో చెప్పారు: దొంగతనం కాదు, రీపో. అంటే బాకీ కింద లోన్ కంపెనీయే కారు పట్టుకుపోయింది.

నిజమే, ఆ ‘శాంతిభంగం’ అన్న మాటలో మనకి రక్షణ కూడా ఉంది. మూసి ఉన్న గరాజ్ తాళం పగలగొట్టకూడదు. బెదిరించకూడదు. మనం అక్కడే నిలబడి వద్దని గట్టిగా అడ్డు చెబితే చాలా చోట్ల వాళ్ళు ఆగిపోవాలి. కారులో ఉన్న మీ బ్యాగు, ల్యాప్‌టాప్, పిల్లల సీటు వాళ్ళవి కావు, అడిగి తెచ్చుకోవచ్చు. కానీ ఓపెన్ పార్కింగ్‌లో తెల్లవారుజామున నాలుగింటికి ఎవరు నిలబడి అడ్డు చెబుతారు? ఫ్రెండ్ గరాజ్‌లో దాచేస్తే సరి అనుకోకండి. వాళ్ళకి దొరక్కూడదని కారు దాచడం టెక్సస్‌లో నేరం కిందికి రావచ్చు.

“కారు వెనక్కి ఇచ్చేస్తే లోన్ క్లోజ్” అన్నదానికి అంకెలే జవాబు. ఇంకా 18,000 డాలర్లు బాకీ ఉందనుకుందాం. మనంతట మనం తాళాలు ఇచ్చేసినా, వాళ్ళొచ్చి లాక్కెళ్ళినా ఆ కారు ఆక్షన్‌కే వెళ్తుంది. డీలర్లు కొనుక్కునే ఆక్షన్ కాబట్టి మార్కెట్ ధర రాదు. 10,500కి పోయింది అనుకోండి. టోయింగ్, స్టోరేజ్, అమ్మకం ఖర్చులు 1,200 కలిపితే లోటు 8,700. దాన్ని డెఫిషియెన్సీ అంటారు. కారు పోయాక కూడా కట్టాల్సింది అదే. మనంతట మనం ఇచ్చేస్తే టో ట్రక్ ఖర్చు కొంత తగ్గుతుంది, అంతవరకే. క్రెడిట్ రిపోర్టులో రెండూ మచ్చలే, ఏడేళ్ళు ఉంటాయి. ఒకవేళ వాళ్ళు కొంత మాఫీ చేసినా, ఆ మొత్తం 600 డాలర్లు, అంతకన్నా ఎక్కువైతే మాఫీ అయిన అప్పు వివరం చూపించే 1099-సీ ఫారం రావచ్చు, దాన్ని ఆదాయంగా చూపించి ట్యాక్స్ కట్టాల్సి రావచ్చు.

మెసేజ్ చేసినతను చెప్పనిది ఒకటుంది, ఇది కోసైనర్లకి నిజంగా పనికొచ్చే హక్కు. అమ్మే ముందు కోసైనర్‌కి కూడా నోటీసు పంపాలి. ‘నోటీస్ ఆఫ్ అవర్ ప్లాన్ టు సెల్ ప్రాపర్టీ’ అన్న పేరుతో వస్తుంది. అమ్మకం న్యాయమైన వ్యాపార పద్ధతిలో జరగాలి. అమ్మేలోపు మొత్తం బాకీ, ఖర్చులతో సహా కట్టి కారుని విడిపించే హక్కు కోసైనర్‌కీ ఉంది. అలా కడితే లోన్ ఇచ్చినవాళ్ళకి కారు మీద ఉన్న హక్కులు మనకి బదిలీ అవుతాయి. కారు మీద కోసైనర్‌కి ఏదైనా పట్టు వచ్చేది అలా, పైసాతో సహా కట్టాక. సంతకం పెట్టిన రోజున కాదు. నోటీసు పంపకపోతే లోటు అడిగే హక్కు తగ్గిపోవచ్చు, మొత్తం పోవచ్చు కూడా, పైగా వాళ్ళే మనకి పరిహారం కట్టాల్సి రావచ్చు. నా విషయంలో పంపారు. కాకపోతే నేను ఇల్లు మారి, లోన్ కంపెనీకి కొత్త అడ్రస్ ఇవ్వలేదు. పసుపు రంగు ఫార్వర్డింగ్ స్టిక్కర్‌తో ఆ కవరు నా చేతికి వచ్చేసరికి కారు అమ్ముడైపోయింది.

ఇక “ఇండియా వెళ్ళిపోతే గొడవే లేదు”. సగం నిజమని మొదట్లో అన్నది దీన్ని ఉద్దేశించే. ఇక్కడి కోర్టు తీర్పుని ఇండియాలో నేరుగా అమలు చేయడం కుదరదు. విదేశీ తీర్పులని నేరుగా అమలు చేయడం గురించి చెప్పే ఇండియా సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద గుర్తించిన దేశాల్లో అమెరికా లేదు. ఆ తీర్పు ఆధారంగా అక్కడ మళ్ళీ కొత్తగా దావా వేయాలి. పది వేల డాలర్ల కోసం ఆ తిప్పలు పడేవాళ్ళు తక్కువ. అయితే వెళ్ళిపోయినవాడికి గొడవ లేకపోతే ఆ గొడవ ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉన్న కోసైనర్ దగ్గరికి. నా క్రెడిట్ కూడా దెబ్బతిందని నాకు తెలిసింది రీపో రోజున కాదు, ఆ తర్వాత ఇల్లు కొనడానికి హోమ్ లోన్‌కి అప్లై చేసినప్పుడు. ఆ లోన్ ఆఫీసర్ నా రిపోర్టు తిప్పి చూపించి, “ఈ మూడు లేట్ పేమెంట్లు ఏంటి?” అని అడిగింది. తప్పిన నెలలన్నీ నా పేరు మీద కూడా పడ్డాయి. ఆ ఇల్లు మాకు రాలేదు. మా ఆవిడ ఆ ఇంట్లో పూజగది ఎక్కడ పెట్టుకోవాలో కూడా చూసుకుంది.

టెక్సస్‌లో ఇలాంటి అప్పులకి జీతం జప్తు చేయరు, ఆ మాట నిజమే. కానీ తీర్పు వచ్చాక బ్యాంకు అకౌంట్ జప్తు చేయొచ్చు. జీతం వచ్చి పడేది ఆ అకౌంట్‌లోనే కదా.

ఇప్పటికే సంతకం పెట్టేసినవాళ్ళు ఈ వారంలోనే కొన్ని పనులు చేయండి. లోన్ కంపెనీకి ఫోన్ చేసి మీ పేరు మీద కూడా ఆన్‌లైన్ లాగిన్ అడగండి, మీ ప్రస్తుత అడ్రస్ ఇవ్వండి. వాయిదాలు అతని అకౌంట్ నుంచే పోయేలా చూడండి. పన్నెండు నెలలు ఆలస్యం లేకుండా అతనే కట్టాడని స్టేట్‌మెంట్లు చూపించగలిగితే, మీరు ఇల్లు కొనేటప్పుడు ఇంటి లోన్లని బ్యాంకుల దగ్గర కొనే సంస్థ ఫ్యానీ మే నిబంధనల ప్రకారం ఆ అప్పుని మీ లెక్కలోంచి తీసేయొచ్చు. అతని క్రెడిట్ కుదుటపడగానే అతనొక్కడి పేరు మీద రీఫైనాన్స్ చేయించమనండి. మీ పేరు పోయే దారి దాదాపు అదొక్కటే, లేదంటే కారు అమ్మి లోన్ తీర్చేయడం. అతను ఇక్కడే ఉండి మీ చేత కట్టిస్తే, 20,000 డాలర్ల దాకా చిన్న దావాలు చూసే జస్టిస్ కోర్టులో మీరే దావా వేసి రాబట్టుకోవచ్చు, లాయర్ అక్కర్లేదు. రసీదులు దాచుకోండి.

ఇంకా సంతకం పెట్టనివాళ్ళు, ఆ గదిలో కూర్చున్నప్పుడు ‘నోటీస్ టు కోసైనర్’ కాగితాన్ని కట్టలోంచి బయటికి తీసి చదవండి, టైటిల్ అప్లికేషన్‌లో ఎవరి పేర్లు రాస్తున్నారో చూపించమనండి. అడిగితే చూపిస్తారు.