లాఠీకి లెక్క అడిగేదెవరు?

తెనాలి ఐతానగర్‌లో ముగ్గురు యువకులను నడిరోడ్డుపై కూర్చోబెట్టి, ఒకరు కాళ్లు కదలకుండా తొక్కిపెడితే మరొకరు అరికాళ్లపై లాఠీతో బాదిన పోలీసుల వీడియో 2025 మే నెలాఖరులో బయటపడింది. కానిస్టేబుల్‌పై దాడి చేశారన్నది ఆ యువకులపై అభియోగం. వాళ్లకు నేరచరిత్ర ఉందన్నది ఆ దెబ్బలకు వినిపించిన సమర్థన. ఉండవచ్చు. చరిత్ర ఉన్నవాడి కాళ్లు విరగ్గొట్టవచ్చని ఏ చట్టంలో ఉంది?

అరెస్టు వేళ బలప్రయోగం పోలీసులకు నిషిద్ధమేమీ కాదు. నిందితుడు తిరగబడినా, తప్పించుకోజూసినా అతణ్ని పట్టుకోవడానికి అవసరమైనదంతా చేయవచ్చని, అరెస్టులు, దర్యాప్తుల తీరును నిర్దేశించే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతోంది. పారిపోకుండా ఆపడానికి ఎంత నిర్బంధం చాలునో అంతకు మించవద్దంటోంది 46వ సెక్షన్. కాబట్టి దర్యాప్తు తేల్చాల్సింది ఒక్కటే: లాఠీ లేచిన ఆ క్షణంలో ఎదుటి మనిషి ఏం చేస్తున్నాడు? పట్టుబడి నేలమీద కూర్చున్నవాడైతే ప్రతిఘటన మాటే లేదు, పడిన దెబ్బ శిక్షే అవుతుంది. శిక్ష వేసే పని కోర్టులది.

గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో 2022 అక్టోబరులో నిందితులను స్తంభానికి ఆనించి జనం ముందు కొట్టినందుకు నలుగురు పోలీసులకు ఆ రాష్ట్ర హైకోర్టు 14 రోజుల జైలు విధించింది. అరెస్టుల్లో పోలీసులు పాటించాల్సిన నియమాలపై 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన డీకే బసు తీర్పును ధిక్కరించారన్నది నేరం. ఆ శిక్షను నిలిపివేస్తూ కూడా సుప్రీంకోర్టు, కట్టేసి కొట్టే అధికారం ఏ చట్టం ఇచ్చిందని వారిని నిలదీసింది.

మన దగ్గర అలా నిలదీయడం కంటే చప్పట్లు కొట్టడమే ఎక్కువ. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి వద్ద దిశ కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు, బాణసంచా కాల్చారు. నిందితులు తుపాకులు లాక్కుని కాల్పులు జరిపారన్న పోలీసుల కథనం నమ్మదగినది కాదని సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయంటూ పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫార్సు చేసింది. ఆ నివేదిక 2022 మేలో వెలుగుచూసేనాటికి పూలు చల్లినవారిలో దాన్ని చదివే ఓపిక ఎందరికి మిగిలిందో!

ఆ నిజం బయటికొచ్చింది దర్యాప్తు పోలీసు శాఖ చేతిలో లేదు కనుకనే. ఎన్‌కౌంటర్ మరణాలను సీఐడీగానీ, మరో స్టేషన్ బృందంగానీ దర్యాప్తు చేయాలని సుప్రీంకోర్టు 2014లోనే ఆదేశించింది. తీవ్ర గాయాలైన కేసుల్లోనూ వీలైనంతవరకు అదే పద్ధతి పాటించమంది. అరికాళ్ల దెబ్బలు తరచూ ఈ లెక్కలోకే రావు. ఒంటిపై గుర్తులు పెద్దగా మిగలవనే కదా ఆ చోటు ఎంచుకునేది! అలాంటివి శాఖాపరమైన విచారణ పేరుతో ఆ స్టేషన్‌కు పైనున్న అధికారి బల్లమీదికి చేరి, అక్కడే ముగుస్తాయి. ఆ అధికారికి తన సిబ్బంది పరువూ ముఖ్యమే.

ప్రాణం పోయేదాకా ఆగకుండా, అరెస్టులో గాయమైన ప్రతి ఫిర్యాదునూ జిల్లా పోలీసులకు సంబంధం లేని బృందానికి అప్పగించాలి. మొదటి రోజే వైద్యపరీక్ష చేయించాలి, ఫుటేజీని స్వాధీనం చేసుకోవాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పనిచేయించే బాధ్యత స్టేషన్ హౌస్ ఆఫీసర్‌దేనని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది. అవసరమైన రోజునే కెమెరా పాడైందంటే, అందుకు ఆ అధికారిపైనే చర్య తీసుకోవాలి.