రైలు క్లిప్పు గారికి బహిరంగ లేఖ

పట్టాను స్లీపరుకు పట్టి ఉంచే మహారాజశ్రీ ఎలాస్టిక్ రైల్ క్లిప్పు గారి సముఖానికి, ట్రాక్ మెయింటెనర్లు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమ కుశలం రిజిస్టరులో చూశాం. ఈ ఏడాదీ గ్రీజు పట్టించినట్టే రాసి ఉంది.

కిలోమీటరుకు పట్టాల కింద అడ్డంగా 1660 స్లీపర్లు, స్లీపరుకు నలుగురు చొప్పున 6640 మంది తమరు. మార్క్-3 వారైతే కొత్తలో ఒక్కొక్కరు 850 నుంచి 1100 కిలోల బలంతో పట్టా పాదాన్ని నొక్కుతారు. ఆ నొక్కుడే తమ ఉద్యోగం. స్ప్రింగు చచ్చి అది సగానికి పడినా కుర్చీ మాత్రం వదలరు. తనిఖీకి వచ్చినవారు తలకాయలు లెక్కపెట్టి పోతారు, అందరూ హాజరే. తమకూ పట్టాకూ మధ్య ఉండే లైనరు పక్కన ఎర్రటి తుప్పుపొడి రాలుతున్నా, కింది రబ్బరు ప్యాడు నల్లటి నాలుకలా బయటికి జారినా తమకు చీమ కుట్టదు.

వైశాఖంలో అసలు కథ. మీటరుకు 60 కిలోల బరువుండే అతుకుల్లేని పట్టాలో, బిగించిన నాటి వేడి మీద ఒక్కో డిగ్రీకి సుమారు 1.9 టన్నుల ఒత్తిడి చేరుతుంది. 30 డిగ్రీలకు 57 టన్నులు, అదీ ఒక్క పట్టాకే! స్లీపరు భుజాన కంకర తగ్గి, తమరూ పట్టు వదిలితే పట్టా పాములా వంకర తిరుగుతుంది.

కొత్తవలస–కిరండూల్ ఘాటు వంపుల్లో ఇనుప ఖనిజం బండి పట్టాను బయటికి తోస్తుంది. తమరు, లైనరు వదులైతే గేజు, అంటే రెండు పట్టాల మధ్య దూరం, పెరుగుతుంది. ఖాళీగా వెనక్కి ఎక్కే వ్యాగన్లది ఇంకో తంటా. ట్రాక్ మెలిక పడ్డచోట ఒక చక్రం తేలికై, దాని అంచు పట్టా ఎక్కేస్తుంది. అది కంకర ప్యాకింగు తప్పని తప్పుకుంటారేమో! వదులు పట్టా ప్రతి చక్రానికీ స్లీపరు మీద దరువేస్తుంటే ప్యాకింగు నిలుస్తుందా?

సముద్రపు గాలి తగిలే చోట తమకు ఏటా అభ్యంగనం జరగాలి. ఊడదీసి, స్లీపరులో పాతిన ఇనుప ఇన్‌సర్టు కన్నంలో తుప్పును వైరు బ్రష్షుతో గీకి, తమ నడిమి కాలును ఎమరీ కాగితంతో రుద్ది, రెంటికీ గ్రీజు పూసి, కాలి కొస ఇన్‌సర్టు అంచుకు సమంగా వచ్చేదాకా సుత్తితో కొట్టాలి. ఇంకొక దెబ్బ ఎక్కువైతే లైనరు చోటు తప్పుతుంది. ఆ స్నానం కాగితం మీదే జరిగితే కన్నంలో అతుక్కుపోతారు. పట్టాను విప్పి అందులోని ఒత్తిడి తీసేసే డీస్ట్రెస్సింగ్ నాడు, బండ్లు ఆపి ఇచ్చిన ట్రాఫిక్ బ్లాకంతా తమను ఊడదీసే సేవకే సరి.

కావున ప్రార్థన ఏమనగా, ఉద్యోగం చేయలేకపోతే దయచేసి కింద పడిపోండి. పొద్దున్నే పట్టాల వెంట నడిచి తనిఖీ చేసే కీమన్ చూసి ఇంకొకరిని పెడతాడు. కూర్చున్నచోటే రాజీనామా ఇవ్వకండి.

ఇట్లు,
తమ విధేయులు, సుత్తులతో సహా