ఆరు నెలల్లో బీ2 అట, జర్మనీలో ఫ్రీ సీటట!

నాలుగు రోజులుగా నెల్లూరు నుంచి ఒంగోలు దాకా వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఇదే తిరుగుతోంది: "మీ పిల్లల్ని తొమ్మిదో తరగతిలోనే జర్మన్‌లో చేర్చండి, ఆరు నెలల్లో బీ2 లెవెల్, సంస్కృతం నుంచి పుట్టిన భాష కాబట్టి చాలా ఈజీ, ఇంటర్ పాసైతే చాలు, జర్మనీలో రూపాయి ఖర్చు లేకుండా బీటెక్." కింద ఒక ఫోన్ నంబరు. (బీ2 అంటే, భాష ఎంత వచ్చో చెప్పే ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లలో నాలుగోది.) కావలి నుంచి మా బావ పంపించి, "ఏందబ్బయ్యా, నువ్వు చదివినోడివే కదా, పాపను చేర్పించేదా?" అన్నాడు.

చేర్పించు బావా. కానీ ఆ మెసేజ్ నమ్మి కాదు.

ఆరు నెలల సంగతి ముందు. సున్నా నుంచి బీ2 దాకా, జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథే ఇన్‌స్టిట్యూట్ వాళ్ల అంచనాయే 600 నుంచి 800 పీరియడ్లు, ఒక్కోటి 45 నిమిషాలు. ఆరు నెలల్లో అంటే ఆదివారాలు కూడా వదలకుండా రోజుకు మూడు, నాలుగు పీరియడ్లు, పైన స్కూలు సిలబస్, స్టడీ అవర్లు. వారానికి నాలుగు పీరియడ్ల చొప్పున, ఏడాదికి నలభై వారాలు నిదానంగా పోతే నాలుగేళ్లకు 640 అవుతాయి. అంటే తొమ్మిదిలో మొదలుపెడితే సీనియర్ ఇంటర్‌కు అందుతుంది, అదీ ఇంటర్‌లో కాలేజీ వాళ్లు ఊపిరి పీల్చుకోనిస్తే.

బీ2 అంటే "నా పేరు ఫలానా, మాది కావలి" కాదు. రైటింగ్‌లో 75 నిమిషాల్లో ఒక విషయం మీద మన అభిప్రాయం ఒకటి, ఆఫీసు తరహా మెసేజ్ ఒకటి రాయాలి, రీడింగ్, లిజనింగ్, రైటింగ్, స్పీకింగ్ నాలుగింట్లోనూ నూటికి 60 రావాలి. నేను చెన్నైలో స్పీకింగ్‌కు కూర్చున్నప్పుడు "రేపు ఫోన్ చేస్తా" అనబోయి "ఇష్ రూఫె దిష్ మోర్గెన్" అని ఆపేశా, చివర రావాల్సిన "ఆన్" మింగేశా. ఆ ముక్క లేకపోతే ఫోన్ చేసినట్టు కాదు, కేకేసినట్టు. క్రియను రెండు ముక్కలు చేసి ఒకటి వాక్యం చివర పెట్టే భాష అది.

సంస్కృతం నుంచి పుట్టిందా? లేదు. రెండూ ఇండో-యూరోపియన్ కుటుంబం, దూరపు దాయాదులు, అంతే. తెలుగు ద్రావిడ భాష. ఇంకా మన ఇంటర్ పిల్లలు సంస్కృతంలో 98 ఎట్టా తెచ్చుకుంటారో అందరికీ తెలిసిందే, ఆ సంస్కృతం జర్మన్‌లో ఏం ఆదుకుంటుంది! నిజంగా పనికొచ్చేది తెలుగే. "ఎందుకంటే" అన్నాక జర్మన్‌లో క్రియ చివరికి పోతుంది, మనకది పుట్టుకతో అలవాటు. వాళ్ల మాటల్లో అమ్మాయి, "మేడ్‌షెన్", నపుంసకలింగం అంటే అందరూ నవ్వుతారు గానీ, మనం "ఆమె వచ్చింది", "బస్సు వచ్చింది" అని రెంటికీ ఒకే క్రియ వాడట్లేదా?

ఫ్రీ అన్నది సగం నిజం. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు లేదు, కానీ బాడెన్-వూర్టెంబర్గ్ రాష్ట్రంలో మనలాంటి విదేశీయులకు సెమిస్టర్‌కు 1500 యూరోలు. ఎక్కడ చదివినా వీసాకు మామూలుగా బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతాలో, ఏడాది ఖర్చులకు 11,904 యూరోలు చూపించాలి, పది లక్షల పైమాటే.

ఇంటర్ పాసైతే చాలన్నది మాత్రం పచ్చి అబద్ధం. జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై కావాలి, లేదా ఇక్కడ డిగ్రీలో ఏడాది చదివుండాలి, లేదంటే స్టూడియన్‌కొలెగ్ అనే ఏడాది ప్రిపరేటరీ కోర్సు. 2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అంటే మన మార్కుల పత్రాలు అసలువేనని జర్మనీ వాళ్లు పరిశీలించి ఇచ్చే కాగితం, కూడా తప్పనిసరి. బ్యాచిలర్స్ కోర్సులు ఎక్కువ జర్మన్‌లోనే, వాటికి మామూలుగా బీ2కు పైమెట్టైన సీ1 దగ్గరి స్థాయి అడుగుతారు.

ఆ నంబరుకు నేనూ ఫోన్ చేశా, పాఠం చెప్పేవాళ్ల బీ2 సర్టిఫికెట్ చూపిస్తారా అని. "సార్ క్లాసులో ఉన్నారండీ" అన్నారు. అప్పుడు టైం రాత్రి పదిన్నర.