ముగ్గు మీద పదహారో చుక్క

విజయవాడ సత్యనారాయణపురంలో మా పక్కిల్లు. ఆదివారం పొద్దున ఏడు గంటలు. పోర్టికోలో 1977 మోడల్ మార్క్ త్రీ అంబాసిడర్ బానెట్ తెరుచుకుని ఆవలిస్తోంది. స్టీరింగ్ ముందు రామారావుగారు, మెట్ల మీద కాఫీ గ్లాసుతో కామేశ్వరిగారు. గోడకి ఇవతల నేను, పేపరు చదువుతున్నట్టు నటిస్తూ.

కామేశ్వరి: నిన్న దుర్గ గుడి ఘాట్ రోడ్డు మీద ఆపి మళ్ళీ తీశారు చూడండీ, కారుకి పూనకం వచ్చేసింది. వెనకున్న ఆటో అబ్బాయి దణ్ణం పెట్టాడు.

రామారావు: పూనకం కాదే, దాన్ని క్లచ్ జడర్ అంటారు.

కామేశ్వరి: పేరు పెడితే రోగం పోతుందా? సంక్రాంతికి కొత్త క్లచ్ ప్లేటు వేయించారు. ఉగాదికల్లా మళ్ళీ మొదలు.

రామారావు: అందుకే ఈసారి మెకానిక్ లేకుండా నేనే పట్టుకుంటా. చెప్పు, ఎప్పుడెప్పుడు వణుకుతోంది?

కామేశ్వరి: ఫస్ట్ గేరులో కదిలేటప్పుడు, రివర్స్ తీసేటప్పుడు. పెడల్ మీద మీ కాలు పూర్తిగా లేచాక బుద్ధిగానే పోతుంది. అరవైలో వెళ్ళినా కిక్కురుమనదు.

రామారావు: భేష్! చక్రాల బ్యాలెన్సింగ్ అయితే స్పీడులో వణికేది. నిలబెట్టినప్పుడు ఇంజిన్ సాఫీగా ఉంది కాబట్టి ప్లగ్గులూ కాదు. అంతా హాఫ్ క్లచ్‌లోనే ఉంది. బాగా పట్టాను!

కామేశ్వరి: చెప్పింది నేను, భేష్ మీకు.

రామారావు: వానల్లో కారుని కదపకుండా ఉంచితే, క్లచ్ ప్లేటు ఆనుకునే ఫ్లైవీల్ చక్రం మీద సన్నగా తుప్పు పట్టి ఇలాగే వణుకుతుంది. నాలుగుసార్లు తీస్తే అదే అరిగిపోతుంది.

కామేశ్వరి: రోళ్ళు పగిలే ఎండల్లో తుప్పేమిటండీ, నా మొహం.

రామారావు: సరే, మౌంటింగులు చూద్దాం. ఇంజిన్ కింద రబ్బర్లు చచ్చుబడితే ఇంజిన్ ఊగుతుంది, ఆ ఊపుకి క్లచ్ పట్టీ పట్టకుండా అవుతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదులుతా. నువ్వు ముందు నిలబడి ఎంత ఊగుతుందో చూడు.

కామేశ్వరి: కారు ముందా? ఈ హ్యాండ్ బ్రేక్ మీదా? 38 ఏళ్ళ కాపురంలో మీ మనసులో మాట ఇవాళ బయటపడింది.

రామారావు: పక్కన నిలబడు తల్లీ!

కామేశ్వరి: పక్కనే నిలబడతా. గేరు మాత్రం రివర్స్‌లో వెయ్యండి. పోతే మీరు కట్టించిన గోడ పోతుంది. ఇటుకలు నేనే పెడతా.

(ఆ గోడ ఇవతల నేనున్నానని ఎవరికీ గుర్తులేదు. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాను. ఇంజిన్ మూలిగింది, కారు రెండుసార్లు గునిసి ఆగింది.)

రామారావు: ఎంత ఊగింది?

కామేశ్వరి: మన పెళ్ళిలో మీ బాబాయి ఊగినంత లేదు. పావు అంగుళం.

రామారావు: అది మామూలే. మౌంటింగులు బతికే ఉన్నాయి.

(తర్వాత ఆయన కారు కింద దూరి, వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులూ, కమాను పట్టీల యు బోల్టులూ పట్టుకుని లాగి చూశారు. ఎక్కడా లూజు లేదు. అరగంట సేపు ఆయనవి పాదాలు మాత్రమే కనిపించాయి. కామేశ్వరిగారు వాటి చుట్టూ ఊడ్చేశారు.)

కామేశ్వరి: ఎలాగూ కిందే ఉన్నారుగా, తల కాస్త కుడికి తిప్పండి. నేల మీద నల్ల చుక్క కనిపిస్తోందా?

రామారావు: పాత కారన్నాక ఓ చుక్క కారదూ?

కామేశ్వరి: నేను పదిహేను చుక్కల ముగ్గు వేస్తే పదహారోది మీ కారు వేస్తోంది. రోజూ ఒక్కచోటే. నాలుగు నెలల నుంచి మొత్తుకుంటున్నా.

రామారావు: ఆగాగు... ఇది బెల్ హౌసింగ్ అడుగున బెజ్జంలోంచి వస్తోందే! క్లచ్ ఉండేది ఆ గంట లోపలే. అంటే ప్లేటుకి నూనె అంటుతోంది!

కామేశ్వరి: నూనె చేత్తో పచ్చడి సీసా మూత తిప్పినట్టా? కాసేపు జారి, టక్కున పట్టి, మళ్ళీ జారి?

రామారావు: (కాసేపాగి) అచ్చం అంతే. దీనికి నేను మాన్యువల్ మూడు పేజీలు చదివా. నూనె ఏ రంగులో ఉందో చూడు.

కామేశ్వరి: నాలుగు వాయిల గారెలు దింపిన మూకుడు నూనెలా ఉంది, నల్లగా.

రామారావు: అయితే ఇంజిన్‌దే. గేర్‌బాక్స్‌దైతే ఇంత నల్లబడదు. ఇంజిన్లో తిరిగే ఇరుసు ఉంటుందే, ఆ క్రాంక్ షాఫ్ట్ వెనక నుంచి వస్తోంది.

కామేశ్వరి: ప్లేటు మార్చిన రోజున అక్కడ సీల్ వెయ్యలేదా?

రామారావు: ఉంటేగా వెయ్యడానికి! ఇది ఇంగ్లండ్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం. అక్కడి బీఎంసీ కంపెనీ బి సిరీస్ ఇంజిన్, 1489 సీసీ. వెనకాల రబ్బరు సీల్ ఉండదు, షాఫ్ట్ మీద మరచుట్టులాంటి గాడి ఉంటుంది. తిరుగుతూ నూనెని లోపలికి తోసేస్తుంది.

కామేశ్వరి: గొప్ప వంశమే. మరి ఇన్నాళ్ళూ తోసింది ఇప్పుడెందుకు మానేసింది?

రామారావు: లోపల ప్రెషర్ పెరిగితే నూనె ఆ గాడి దాటేస్తుంది. ప్రెషర్ బయటికి పోవడానికి బ్రీదర్ పైపు ఉంటుంది. కుక్కర్‌కి వెయిట్ ఉన్నట్టు.

కామేశ్వరి: వెయిట్ దగ్గర మూసుకుపోతే పప్పంతా గాస్కెట్ పక్కనుంచి స్టవ్ మీదికి వస్తుంది. ఆ పైపు చూశారా?

(జవాబు లేదు. పాదాలు కదలడం మానేశాయి.)

కామేశ్వరి: ఏమండీ?

రామారావు: పోయిన శ్రావణంలో, కార్లో పొగ వాసనకి కళ్ళు తిరుగుతున్నాయన్నావు, గుర్తుందా?

కామేశ్వరి: అన్నాను.

రామారావు: అప్పుడు ఆ పైపులో... చిన్న గుడ్డ కుక్కా.

(లాగడం మొదలుపెట్టారు. చిన్న గుడ్డ వస్తూనే ఉంది. నూనె అంటని చివర గులాబీ రంగు, దానికి జరీ అంచు.)

కామేశ్వరి: అయ్యో, నా జాకెట్ ముక్క! వరలక్ష్మీ వ్రతానికి మీ అక్కయ్య పెట్టింది! దీనికోసం ఆ పనమ్మాయిని అనరాని మాటలన్నాను కదండీ!

రామారావు: 2014లో ఉత్తర్‌పారాలో అంబాసిడర్ తయారీ ఆపేశాక పార్టులు దొరకడం కష్టమే...

కామేశ్వరి: అందుకని నా బీరువాలో వెతికారా?

రామారావు: ఇక నూనె తగ్గుతుందిలే. కాకపోతే ప్లేటు మళ్ళీ మార్చాలి.

కామేశ్వరి: పెట్రోలుతో కడిగితే పోదూ?

రామారావు: ఆవడ పిండితే మళ్ళీ గారె అవుతుందా? లైనింగ్ నూనె పీల్చేసింది.

కామేశ్వరి: శుక్రవారం వదినగారు వస్తున్నారు. రాగానే అడుగుతారు, ఆ జాకెట్ కుట్టించుకున్నావా అని. ఏం చెప్పను?

రామారావు: (కారు కింద నుంచే) టైటయిందని చెప్పు.